వెంట్రుకవాసి ఖాళీ

"పీకలేదర్రా, తీశాను. పీకడం వేరు, తీయడం వేరు," అంది అత్తగారు, పొద్దున్నుంచి మూడోసారి.

"తీసినా పీకినా పోయింది పోయిందేగా అమ్మా," అన్నాడు పెద్దకొడుకు పేపరు వెనకనుంచి. ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. చెడిపోయిన వస్తువుల గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉండదు, ఒక రకమైన ఆసక్తి ఉంటుంది.

"నువ్వు మాట్లాడకు. వంటింట్లో ప్లగ్గు మాడిపోయి నెలవుతోంది. ఊళ్ళో బస్సులన్నీ బాగుచేస్తాడు, ఇంట్లో మిక్సీ తిరిగే దారి చూడడు. మరి నేనెక్కడ పెట్టుకోను? నా నెత్తిన పెట్టుకోనా?"

పేపరు ఇంకో జానెడు పైకి లేచింది.

"పోనీలెండి అత్తయ్యా, అయిపోయిందిగా," అంది పెద్దకోడలు.

"నువ్వు పోనీలెండి అంటే నేను తప్పు చేసినట్టే. నేనే తప్పూ చెయ్యలేదు. అన్ని తీగలూ నల్లగానే ఉన్నాయి. ఏది దేనిదో మొహాన రాసి ఉందా?"

ఇదంతా నిన్న సాయంత్రం నుంచి సాగుతున్న గొడవ. హాల్లో భోజనాల బల్ల మీద పదిరోజులుగా కంప్యూటర్ కొలువు తీరింది. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. నిన్న పెద్దకోడలు దాని ముందు రెండు గంటలు కూర్చుని ఏడక్షరాలు పేర్చుకుంది. పేర్చింది దాచుకునేలోపల అత్తగారు మిక్సీ గిన్నె చంకలో పెట్టుకుని వచ్చి, సరిగ్గా ఆ తీగే చూసి తీసింది. తెర నల్లబడింది. ఇరవై ఏళ్ళ కాపురంలో పెద్దకోడలు అత్తగారి మీద గొంతెత్తడం అదే మొదలు. "అత్తయ్యా!" అని ఒక్కమాటే అంది. ఆ ఒక్కమాటకే హాలు మూల కట్టిన కర్టెన్ వెనక కునుకు తీస్తున్న మరిది లేచి కూర్చున్నాడు, పక్కింటి కిటికీ తెరుచుకుంది, అత్తగారు అన్నం మానేసి రెండు అరటిపళ్ళు తిని ముసుగు తన్నింది.

ఈ ఉదయం లేచేసరికి ఆవిడ తన కుర్చీని తెచ్చి ఆ ప్లగ్గు ముందే వేసుకుని కూర్చుంది. "ఇవాళ ఎవరొచ్చి తీస్తారో నేనూ చూస్తాను," అని ప్రకటించింది. నిన్నటి దొంగే ఇవాళ్టి కాపలాదారు కావడం చూసి చిన్నకోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది.

అసలీ కంప్యూటర్ బల్ల ఎక్కడానికి కారణం ప్రెస్సు ఓనరు. పద్దెనిమిదేళ్ళుగా పెద్దకోడలు ఆ ప్రెస్సులో అక్షరాలు కూరుస్తోంది. శుభలేఖలు, పోస్టర్లు, దుకాణాల కరపత్రాలు. ఇప్పుడు దుకాణాల వాళ్ళకి కాగితం అక్కర్లేదట. గుమ్మం పక్కన తెర పెట్టి, అందులో అక్షరాలు కదలాలట. "నేర్చుకుంటే ఈ పని నీదేనమ్మా," అన్నాడు ఓనరు. "లేదంటే బయటి స్టూడియోకిచ్చేస్తాను. నువ్వు బైండింగ్ బల్ల దగ్గరికి మారాలి." మొదటి పని ఒక పరుపుల దుకాణానిది. 'హాయిగా పడుకోండి' అనే ఏడక్షరాలూ పైనుంచి పడి, పరుపు మీద మెత్తగా దిగబడి, ఆ వరసలోనే సర్దుకుని కుదురుగా కూర్చోవాలి. రేపు సోమవారం పదిన్నరకి ఓనరు ముందు పెట్టాలి.

నేర్పే గురువు ఇంట్లోనే ఉంది. చిన్నకోడలు పెళ్ళయి వచ్చి మూడేళ్ళు. అక్షరాల్నీ బొమ్మల్నీ కదిలించడమే ఆ పిల్ల వృత్తి, ఇంట్లో కూర్చునే చేస్తుంది. బొమ్మల్ని కదిలించే సాఫ్ట్‌వేర్‌కి విడిగా ఒక ప్లగిన్ తగిలించి ఇచ్చింది. దానికి ఏ ముక్క బరువెంతో, ఎంత ఎగరాలో, ఎంత జారాలో, నేల ఎక్కడుందో చెబితే చాలు. ఎలా పడాలో అదే లెక్క కట్టుకుంటుంది. అత్తగారు దానికి 'పడేసే మిషను' అని పేరు పెట్టింది.

మొదటిరోజు పెద్దకోడలు నాలుగు చతురస్రాలు పెట్టి కింద నేల గీసింది. మిషను నడిపితే నాలుగూ పడ్డాయి, వాటితో పాటు నేలా పడిపోయింది. "నేలకి కదలొద్దని చెప్పాలక్కా," అంది చిన్నకోడలు. "చెప్పకపోతే అదీ ఒక వస్తువే అనుకుంటుంది." అత్తగారు ముక్కున వేలేసుకుంది. "నేలే పడిపోతే ఇక నిలబడేదెవరే?" మూడోరోజు బరువు మరీ తక్కువైపోయి ముక్కలు దూదిపింజల్లా తేలాయి. అయిదోరోజు గుండ్రాలతో సాధన చేస్తే అన్నీ దొర్లుకుంటూ తెర అంచు దాటిపోయాయి. "మన అక్షరాలన్నీ గుండ్రమే కదక్కా, ఇదే చిక్కు. నిలబడమంటే దొర్లుతాయి. రాపిడి పెంచు," అని నేర్పింది చిన్నకోడలు. 'కోం' లోని సున్నాని దాని పక్క అక్షరానికి కనపడని ముడితో కట్టేయడం కూడా నేర్పింది.

నేర్పినదంతా ఒక రూళ్ళ నోట్‌బుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెడుతోంది కూడా. ఎక్కడ నొక్కాలో బాణం గుర్తులు, పక్కన చిన్న చిన్న బొమ్మలు. "ఇంత రాయడం ఎందుకే, పక్కనే ఉన్నావుగా," అంటే నవ్వి ఊరుకుంటుంది.

"సేవ్ చేశావా అక్కా?" చిన్నకోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది.

"మూడుసార్లు చేశాను. కావాలంటే మీ అత్తగారిని సాక్ష్యం అడుగు."

"చేసింది. నేను చూశాను," అంది అత్తగారు ప్లగ్గు దగ్గరనుంచి, కోర్టులో నిలబడ్డట్టు.

నిన్న పోయిన ఏడక్షరాల్నీ పెద్దకోడలు ఈ ఉదయం గంటలో మళ్ళీ పేర్చేసింది. చేతులకి అలవాటైన పని. 'హా' పక్కన 'యి', దానికి ఒరుసుకుంటూ 'గా'. చూడముచ్చటగా ఉంది వరస. ఇన్నాళ్ళూ చతురస్రాలతో, గుండ్రాలతో సాధన చేసింది. అసలు అక్షరాలతో నడపడం ఇదే మొదలు.

"కానివ్వు," అంది చిన్నకోడలు.

నొక్కింది.

అక్షరాలు పడలేదు. పేలాయి. మూకుట్లో పేలాల్లా ఒక్కసారిగా నాలుగు దిక్కులా ఎగిరాయి. 'హా' తెర ఎడమ అంచు దాటి పోయింది. 'గా' గిరగిరా తిరుగుతూ పైకెళ్ళింది, మళ్ళీ కిందికి రాలేదు. 'డి' ఒక్కటే వచ్చి పరుపు మీద పడి, అక్కడా కుదురు లేక దొర్లి కిందపడింది. పరుపు మాత్రం ఖాళీగా, మెత్తగా, హాయిగా ఉంది.



"ఆ పరుపు మీద ఎవరూ పడుకునేలా లేరు," అన్నాడు మరిది, కర్టెన్ పక్కనుంచి తల బయటపెట్టి. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. ఆదివారం పన్నెండు దాకా అతనికి తెల్లవారదు.

"నువ్వు పడుకోనక్కర్లేదు, ముందు లే!" అంది వాళ్ళమ్మ.

చిన్నకోడలు ఎగిరే గుణం తగ్గించి చూసింది. పేలాయి. బరువు పెంచింది. బరువుగా పేలాయి. భూమి లాగే బలం తగ్గించింది. నెమ్మదిగా, మరీ అందంగా పేలాయి. "ఎక్కడో చిన్నదే అక్కా, నాకు తట్టట్లేదు," అంటుండగా ఆ పిల్ల ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, ఫోను బోర్లించి, లేచింది. "పావుగంటలో వస్తా. ఈలోపు నోట్‌బుక్కు చూస్తూ ఉండు, వెనకవైపు రాశాను, ఏదైనా అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో."

కర్టెన్ వెనకున్న మరిది కూడా అంతదాకా లేవనివాడు చటుక్కున లేచి, చొక్కా తగిలించుకుని, పెళ్ళాం వెనకే వెళ్ళాడు. పెద్దకోడలు అది గమనించింది కానీ అప్పుడేమీ అనుకోలేదు.

నోట్‌బుక్కు వెనకనుంచి తిప్పింది. చివరి పేజీ పైన గీత గీసి రాసి ఉంది: 'నేను లేనప్పుడు.'

'ఒకటి, భయపడకు. రెండు, సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరువు. మూడు, ముక్కలు పిచ్చిగా కదిలితే ఒక్కో అంకె మార్చి చూడు, అన్నీ ఒకేసారి మార్చకు, నీకు తొందరెక్కువ. నాలుగు, ఫోన్ చెయ్యి, ఎప్పుడైనా సరే. అయిదు, ఫోన్‌లో అర్థం కాకపోతే నడిచి వచ్చెయ్యి, రెండు వీధులేగా. తలుపు గొళ్ళెం బిగుతుగా ఉంటుంది, కింద కాలితో ఒక్క తన్ను తన్ను.'

ఆమె మళ్ళీ చదివింది. ఈ ఇంటి తలుపుకి గొళ్ళెం బిగుతుగా ఉండదు. అసలు పడదు. రాత్రిళ్ళు పీట అడ్డం పెట్టుకుంటారు.

ఆమె నోట్‌బుక్కు మూసి, తడిబట్టల బకెట్టు తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. మెట్ల మీంచి వీధి మొత్తం కనిపిస్తుంది. పావుగంటకి కాదు, అరగంటకి వచ్చారు ఇద్దరూ. మరిది ముందు నడుస్తున్నాడు, ఆ పిల్ల వెనకాల ఏదో చెబుతోంది చేతులు తిప్పుతూ. ఇంట్లో ఎప్పుడూ అంత చేతులు తిప్పి మాట్లాడగా పెద్దకోడలు చూడలేదు.

"ఏయ్ పిల్లా, పైకి రా. దుప్పట్లు పిండాలి, ఒక్కదాన్ని వల్లకావట్లేదు."

చిన్నకోడలు వచ్చింది. దుప్పటి ఆ కొస తను, ఈ కొస అక్క. ఎదురెదురుగా నిలబడి మెలిపెట్టారు. నీళ్ళు కారాయి.

"గొళ్ళెం ఎన్నాళ్ళనుంచి బిగుతుగా ఉంది?" అని అడిగింది పెద్దకోడలు.

దుప్పటి ఆ కొసన సడలింది.

"చూశావా..."

"చూడమనేగా వెళ్ళావు. రాసినదానివి నువ్వు, చూసినదాన్ని నేను."

"ఆ పేజీ ఉందన్న సంగతే మర్చిపోయానక్కా. ముందు పేజీ అనుకుని చెప్పాను." ఆ పిల్ల మొహం చూస్తే అబద్ధం కాదని తెలుస్తోంది. "పదిహేను రోజులైంది చూసి. ఇందాక ఫోన్ చేసింది ఆ ఇంటాయనే. ఒకటో తారీఖుకి వస్తారా రారా, మాట చెప్పండి, లేకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తానని. వెళ్ళి ఒప్పేసుకుని వచ్చాం."

"మీ ఆయన అత్తయ్యకి చెప్పాడా?"

"రోజూ చెబుతానంటారు. రోజూ అన్నం దగ్గర గొంతు సవరించుకుంటారు. కూర బాగుందంటారు. తినేసి పడుకుంటారు."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వితే తను ఓడిపోతుందేమో అనిపించి దుప్పటి గట్టిగా దులిపింది. "నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నువ్వు సరేనంటావు. అన్నాక అత్తయ్యగారికి చెప్పాల్సింది నువ్వే అవుతావు. ఈ ఇంట్లో చేదుమాత్రలన్నీ నీ చేతే మింగిస్తారు. ఇదొక్కటైనా వద్దనుకున్నా."

"ఏం తక్కువైందే నీకిక్కడ?"

"ఏం తక్కువ కాలేదక్కా. అన్నీ ఎక్కువే." ఆ పిల్ల క్లిప్పు ఒకటి తీసి తాడుకి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "నీకో సంగతి తెలుసా? మేమిద్దరం పోట్లాడుకోవాలంటే ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకుంటాం. ఒకే మంచం మీద, పక్కపక్కన పడుకుని. కర్టెన్ అవతల అత్తయ్యగారు, గోడవతల మీరు. కోపమొచ్చిన బొమ్మ ఒకటి ఉంటుంది చూడు, ఎర్రగా, అది పంపిస్తాను. ఆయన దండం పెట్టే బొమ్మ పంపిస్తారు. మూడేళ్ళుగా మా కాపురమంతా బొమ్మలే. నవ్వొస్తే తలగడ నోట్లో కుక్కుకుంటాను. నాకొక్కసారి గట్టిగా పోట్లాడాలని ఉందక్కా. తలుపేసుకుని, గిన్నె విసిరేసి."

"గిన్నె విసరడానికి ఇల్లు మారుతున్నారన్నమాట."

"అవును."

"అయితే వెళ్ళు. వెళ్ళేదానివి నాకీ పాఠాలెందుకు, నోట్‌బుక్కులెందుకు? బాణాలూ బొమ్మలూ వేసి మరీ?" గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. రెండు రోజుల్లో ఇది రెండోసారి.

"వెళ్తున్నాననే కదా! నేనుండగానే నీ చేతికి పనొచ్చెయ్యాలని. నువ్వా బైండింగ్ బల్ల దగ్గర జిగురు రాస్తూ కూర్చుంటే నేనక్కడ ఏ మొహం పెట్టుకుని గిన్నెలు విసరను?" అని, కళ్ళు తుడుచుకుంటూ చిన్నకోడలు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు మిగిలిన బట్టలు ఒక్కతే ఆరేసింది. చివరి దుప్పటి పిండడం కుదరక, నీళ్ళోడుతున్నదాన్ని అలాగే వేసేసింది.

కిందికి వచ్చేసరికి హాల్లో సద్దుమణిగింది. మెకానిక్కు పేపరు మొహాన కప్పుకున్నాడు. అత్తగారు ప్లగ్గు ముందు కుర్చీలోనే కళ్ళు మూసుకుంది, చెయ్యి మాత్రం స్విచ్చుకి అడ్డంగా పెట్టి. పెద్దకోడలు తెర ముందు కూర్చుంది. రేపు పదిన్నర ఎవరికోసమూ ఆగదు.

ప్రెస్సులో ప్రూఫు కాగితం మీద ఏదో తేడాగా ఉందనిపించి, ఏమిటో కంటికి ఆనకపోతే, ఆమె సొరుగులోంచి భూతద్దం తీస్తుంది. ఇక్కడ భూతద్దం లేదు కానీ దగ్గరికి లాగే మీట ఉంది. లాగింది. 'హా'కీ 'యి'కీ మధ్య సందు దాకా వెళ్ళింది. ఇంకా లాగింది. అక్షరాలు తెరంత పెద్దవై, వాటి అంచులు ఏటిగట్లలా కనిపించాయి.

సందు లేదు. 'హా' పొట్ట 'యి' లోపలికి వెళ్ళి ఉంది. ఎంత? వెంట్రుకవాసి. మామూలుగా చూస్తే ఒరుసుకున్నట్టుంటుందంతే. 'యి' కొస 'గా'లోకి. 'ప' అంచు 'డు'లోకి. ఏడూ ఒకదాన్లో ఒకటి దూరి ఉన్నాయి.

అది ఆమె చేతి అలవాటే. పనిలో చేరిన కొత్తలో పాత ఓనరు, ఇప్పటాయన తండ్రి, వెనక నిలబడి చెప్పేవాడు: "బిగించమ్మా, బిగించు. అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలి దూరకూడదు. గాలికి ఎవడూ డబ్బులివ్వడు." పద్దెనిమిదేళ్ళు బిగించింది. కాగితం మీద అది అందమే. కాగితం మీద అక్షరాలు కదలవు కదా. ఈ మిషనుకి మాత్రం ప్రతి అక్షరమూ ఒక వస్తువు. ఒక వస్తువున్న చోట ఇంకో వస్తువు ఉండకూడదు. ఉందంటే, మొదలుపెట్టీ పెట్టగానే ఉన్న బలమంతా పెట్టి రెంటినీ విడదోస్తుంది. వెంట్రుకవాసి దూరినా చాలు, తెర అవతలికి విసిరేస్తుంది.

ఆమె మీట వదిలేసి నోట్‌బుక్కు కేసి చూసింది.

పధ్నాలుగేళ్ళ కిందట ఇలాంటి ఆదివారమే, ఆమె పర్సులో ఒక తాళంచెవి ఉండేది. ప్రెస్సు వెనక వీధిలో ఒక వాటా. చూసి, నచ్చి, రెండు రోజులు ఆ తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. మెకానిక్కు కూడా సరేనన్నాడు. ఎవరు చెప్పాలన్న దగ్గరే ఆగిపోయింది. ఆయనా అన్నం దగ్గర గొంతు సవరించుకునేవాడు. మూడోరోజు ఆమె తాళంచెవి తిరిగి ఇచ్చేసి వచ్చింది. దానికిప్పుడు బాధ లేదు. అత్తగారు అమ్మకన్నా ఎక్కువైపోయింది, ఆ వాటా గోడల రంగు కూడా గుర్తులేదు. ఒక్కటే గుర్తుంది. ఆ రెండు రోజులూ ఈ ఇంట్లో తన బదులు నోరు విప్పేవాళ్ళెవరైనా ఉంటారేమోనని ప్రతి మొహం కేసీ చూసింది.

ఆమె 'యి'ని పట్టుకుని కుడివైపుకి జరిపింది. ఎంతో కాదు, వెంట్రుకవాసి, ఆపైన ఇంకో వెంట్రుకవాసి. 'గా'ని జరిపింది. 'ప'ని, 'డు'ని. తన వేళ్ళకి అది తప్పు చేస్తున్నట్టే ఉంది. అన్నీ జరిపి, దూరం నుంచి చూసింది. సేవ్ చేసింది. నొక్కింది.

'హా' ముందు దిగింది. పరుపు కొంచెం కుంగింది. దాని పక్కన 'యి', ఆ పైన వరసగా మిగిలినవి, గూటికి చేరే పిట్టల్లా. 'డు' కొంచెం తూలింది. పక్కనున్న 'ప'కి ఆనుకుంది. 'ప' దాన్ని మోసి, తను 'గా' వైపు ఒరిగి, ఆగింది. 'కో' సున్నాని వెంటేసుకుని వచ్చింది. చివర్న 'డి' దొర్లబోయి, దొర్లక, కూర్చుంది. పరుపు ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు కదిలి నిలిచింది.

"ఇప్పుడు పడుకున్నాయి," అంది అత్తగారు. ఎప్పుడు కళ్ళు తెరిచిందో. "ఏం చేశావేంటి?"

"కొంచెం జరిపానత్తయ్యా. ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. చూస్తే తెలియట్లేదు, అంతే."

అత్తగారు కుర్చీలోంచి ముందుకి వంగి, కళ్ళు చికిలించి చూసింది. "జరిపితే విడిపోయినట్టు కనపడవూ?"

"మీరే చూసి చెప్పండి. కనపడుతున్నాయా?"

ఆవిడ చాలాసేపు చూసింది. "లేదు," అంది చివరికి, కొంచెం ఆశ్చర్యంగా. "ఇదివరకటికన్నా బాగానే ఉంది. ఒకదానికొకటి ఆనుకుని." తర్వాత మామూలు గొంతుతో, "అయితే ఇక ఆ బల్ల ఖాళీ చెయ్యి. పదిరోజులైంది మనుషుల్లా తిని," అంది.

కంప్యూటర్ని కిటికీ పక్క స్టూలు మీదికి మార్చారు. అయిదుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నిజానికి అది నలుగురి బల్ల. అయిదో కుర్చీ మూల దగ్గర ఇరుక్కుంటుంది, అందులో ఎప్పుడూ చిన్నకోడలే ఒదిగి కూర్చుంటుంది, మోచేతులు ఒంటికి అంటించుకుని. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న ఆ మోచేతుల్ని పెద్దకోడలు ఇవాళే చూసింది.

"అక్షరాలు పడ్డాయటగా వదినా," అన్నాడు మరిది.

"పడ్డాయి."

చిన్నకోడలు తలెత్తి, "ఎలా?" అని అడగబోయి, మేడ మీది మాటలు గుర్తొచ్చి తల దించుకుంది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మెకానిక్కు కూర వడ్డించుకున్నాడు. మరిది గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి కంచంలో ఆగింది.

"అమ్మా," అన్నాడు.

"ఏం నాయనా?"

అతను ముద్ద కలిపాడు, విడదీశాడు, మళ్ళీ కలిపాడు. "కూర బాగుంది," అన్నాడు.

పెద్దకోడలు గరిటె గిన్నెలో పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు అత్తగారి చేతికి అందేలా జరిపింది. ఆవిడకి తిండి దగ్గర పొలమారుతుంది, ఎప్పుడైనా.

"అత్తయ్యా, ఒకమాట," అంది. "ఒకటో తారీఖు నుంచి చిన్నవాళ్ళిద్దరూ వేరే ఇంట్లో ఉంటారు. రెండు వీధుల అవతలే. ఇల్లు నేనే చూశాను. వెళ్ళమన్నదీ నేనే."

మరిది ముద్ద నోటిదాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మెకానిక్కు భార్య మొహం కేసి చూశాడు. పధ్నాలుగేళ్ళ కిందటి తాళంచెవి ఆయనకీ గుర్తొచ్చిందేమో, మెల్లగా కళ్ళు దించేసుకున్నాడు. చిన్నకోడలు రెండు చేతులూ బల్ల అంచుకి పట్టుకుంది.

అత్తగారు కొడుకుని చూడలేదు. చిన్నకోడల్నీ చూడలేదు. మంచినీళ్ళు తాగింది, గ్లాసు దించింది, పెద్దకోడలి కళ్ళలోకి చూసింది.

"నువ్వే చూశావా?"

"నేనే."

"అయితే చెప్పు. ఆ ఇంటికి కిటికీలెన్ని?"

బల్ల కింద ఎవరి కాలో ఆమె కాలిని తాకింది. ఒక తాకుడా రెండా తెలియలేదు.

"కిటికీలు లెక్కపెట్టలేదత్తయ్యా," అంది పెద్దకోడలు. "తలుపు గొళ్ళెం మాత్రం బిగుతుగా ఉంది. కింద కాలితో తన్నాలి."

అత్తగారు "ఊఁ" అంది. కంచంలో మిగిలిన మెతుకులన్నీ ఒక పక్కకి చేర్చింది, తొందరేమీ లేనట్టు. పీట అడ్డం పెట్టే తమ వీధితలుపు కేసి ఒకసారి చూసింది.

"సాయంత్రం ఎండ తగ్గాక నన్ను తీసుకెళ్ళు," అంది. "నువ్వే తీసుకెళ్ళాలి. వీళ్ళెవరూ రానక్కర్లేదు. ఆ గొళ్ళెం సంగతేమిటో నేనూ ఓ తన్ను తన్ని చూస్తాను."

"అలాగే అత్తయ్యా," అని పెద్దకోడలు తలూపింది.

ఆ రెండు వీధులూ ఎడమవైపో కుడివైపో కూడా ఆమెకి తెలియదు.